జీకే సాధన, ఏడో పాఠం: మొదటివాడు సరే, ఎందులో మొదటివాడు?

ఈ వారం క్యాలెండర్ల పాఠం రావాలి. న్యూటన్ ఒక లెక్కలో 1642లో, ఇంకో లెక్కలో 1643లో ఎలా పుట్టాడో, రష్యా అక్టోబరు విప్లవం నవంబరు 7న ఎందుకు పడుతుందో అంతా రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. దాన్ని పక్కన పెట్టేశాను. ఆరో పాఠం చివర ఇచ్చిన పది ప్రశ్నలకు మీరు పంపిన జవాబులు చూశాక కొత్త పాఠం మొదలుపెట్టే ధైర్యం రాలేదు.

పదీ 'మొదటి' ప్రశ్నలే. మొదటి మనిషి, మొదటి సినిమా, మొదటి పుస్తకం. "ఇవి చిన్నపిల్లల ప్రశ్నలు కదండీ" అని ఒకాయన జవాబుల కింద ఒక వాక్యం కూడా జోడించారు. ఆయనకు పదికి నాలుగు వచ్చాయి.

రెండో ప్రశ్న గుర్తుందా? "భారతదేశంలో పుట్టి నోబెల్ బహుమతి అందుకున్న మొదటి వ్యక్తి ఎవరు?" వచ్చిన కాగితాల్లో ఎక్కువ భాగం టాగూర్ అన్నాయి. కొందరు పక్కన 1913 అని వేసి, గీతాంజలి అని కూడా రాసి, కింద గీత గీసి మరీ పంపారు. 1913 కరెక్టే. సాహిత్య నోబెల్ అందుకున్న మొదటి ఆసియావాసి టాగూరే, అదీ కరెక్టే. కానీ నేను అడిగింది అది కాదు. దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన రొనాల్డ్ రాస్ పుట్టింది అల్మోరాలో. ఆయనకు వైద్యంలో నోబెల్ 1902లో వచ్చింది. రడ్యార్డ్ కిప్లింగ్ పుట్టింది బొంబాయిలో, ఆయనకు సాహిత్యంలో 1907లో. టాగూర్ వీళ్లిద్దరి తర్వాతే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మీరు తెలియక తప్పు రాయలేదు, తెలిసి రాశారు. టాగూర్ పేరు అసలు విననివాడైతే ఖాళీ వదిలేసేవాడు. పేరు నోటి చివర సిద్ధంగా ఉండడం వల్లే ప్రశ్న పూర్తిగా చదవలేదు.

"ఇది మోసపు ప్రశ్న, ఎక్కడ పుడితే ఏం" అని ఇద్దరు కోప్పడ్డారు. మోసం ఏముంది ఇందులో? 'భారతదేశంలో పుట్టి' అన్న మాటలు ప్రశ్న మొదట్లోనే, ఎవరి కంటికైనా ఆనేలా కూర్చున్నాయి. 'భారతీయుడు' అని రాయడం నాకూ చేతనవును. రాయలేదంటే కారణం ఉంటుందని అనుకోవాలి. అక్షరాలు పొదుపు చేయడం ప్రశ్నలు కూర్చేవాళ్లకు అలవాటు. అనవసరంగా ఒక మాట ఎక్కువ పెట్టరు.

ఇక నా తప్పు. ఆరో ప్రశ్న "అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి జంతువు ఏది?" నేను అనుకున్న జవాబు లైకా. అందరూ అదే రాశారు, ఒక్కరు తప్ప. ఆవిడ "పళ్ల మీద ముసిరే ఈగలు, 1947" అని రాసింది. ఎర్రపెన్నుతో కొట్టేశాను. కాసేపటికి మనసు ఊరుకోలేదు, మళ్లీ తీసి చూశాను. ఆవిడదే సరైన జవాబు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీ నుంచి తెచ్చుకున్న వీ-2 రాకెట్లలో ఒకదానిలో అమెరికా 1947 ఫిబ్రవరి 20న పళ్ల ఈగలను పైకి పంపింది. 109 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి ప్రాణాలతో దిగాయి. అంతరిక్షం 100 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుందన్నది బాగా చెలామణిలో ఉన్న లెక్క. అమెరికా సైన్యం 80 దగ్గరే మొదలంటుంది. ఏ లెక్కన చూసినా ఈగలు గీత దాటాయి. లైకా వెళ్లింది 1957 నవంబరు 3న, అంటే పదేళ్ల తర్వాత. 'భూమి చుట్టూ కక్ష్యలో తిరిగిన' అన్న మాటలు ప్రశ్నలో పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. కాబట్టి లైకా అని రాసినవాళ్లకు మార్కు లేదు, ప్రశ్న రాసిన నాకూ లేదు. ఆవిడకు రెండు.

నా ప్రశ్నలో లేకుండా పోయిన మాట, మీరు రెండో ప్రశ్నలో చూడకుండా పోయిన మాట ఒకే జాతివి. 'మొదటి' అన్నదాన్ని ఒక గదిలో పెట్టి తలుపేసే మాట అది. నేను దాన్ని మెలిక అంటాను. వ్యాకరణంలో విశేషణం అనవచ్చు గానీ ఆ పేరు పెడితే మీరు ఈ పేరా వదిలేస్తారు. ఈ పాఠమంతా ఆ మెలిక గురించే. రాజధానులు, కరెన్సీలు, శరీరంలో అతి చిన్న ఎముక లాంటివి నేను ఈ పాఠాల్లో ఎప్పుడూ చెప్పను. అవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, బట్టీపడితే వస్తాయి. మెలిక బట్టీకి లొంగదు.

ముందు చెవి సంగతి. రాతపరీక్షలో ప్రశ్న కళ్లముందు ఉంటుంది, రెండోసారి చదువుకోవచ్చు. బజర్ రౌండులో అలా కాదు. తెలుగులో అడిగే ప్రశ్నకీ, ఇంగ్లీషులో అడిగే ప్రశ్నకీ ఇక్కడ పెద్ద తేడా ఉంది. ఇంగ్లీషులో 'మొదటి మహిళ' ముందొస్తుంది, మెలిక తోకలో వస్తుంది. తొందరపడి బజర్ నొక్కితే తోక వినకుండానే ఇరుక్కుంటారు. తెలుగులో తిరకాసు వేరు. మన వాక్యంలో మెలిక తలలోనే వచ్చేస్తుంది. "ఎన్నికల్లో నెగ్గి దేశాధ్యక్ష పదవి చేపట్టిన మొదటి మహిళ ఎవరు?" అన్నప్పుడు 'ఎన్నికల్లో నెగ్గి' అన్నది అన్నిటికన్నా ముందే చెవిన పడుతుంది. అప్పటికి అది దేని గురించో మనకు తెలియదు. 'మొదటి మహిళ' దగ్గరికి వచ్చేసరికి తల మర్చిపోయి తోక పట్టుకుంటాం. మొత్తం విన్నామన్న ధీమాతో తప్పు చెబుతాం. ఇంగ్లీషు ప్రశ్నకు ఓపిక కావాలి, తెలుగు ప్రశ్నకు జ్ఞాపకం కావాలి.

నేను చేసే పని చెబుతాను, నవ్వుకోండి. ప్రశ్న వింటున్నప్పుడు మెలిక చెవిన పడగానే ఎడమచేతి చూపుడువేలు మడుస్తాను. జవాబు మనసులోకి వచ్చాక, 'ఈ వేలు దేనికి మడిచాను?' అని అడుక్కున్నాకే కుడిచేయి బజర్ మీదికి వెళ్తుంది. రెండు మెలికలుంటే రెండు వేళ్లు. మూడు వేళ్లు మడవాల్సి వచ్చిందంటే ఆ ప్రశ్న వదిలేసి అవతలి జట్టుని ఇరుక్కోనివ్వడమే మేలు.

ఇప్పుడు నన్ను నిజంగా విసిగించే చోటికి వస్తున్నాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాం.

మెలిక గురించి ఒకసారి చెప్పగానే తెలివైనవాళ్లు ఒక సూత్రం కనిపెట్టేస్తారు: "అయితే మెలిక కనిపిస్తే ప్రసిద్ధమైన పేరు తప్పన్నమాట." పోయిన పాఠంలో నేను దీన్ని సూచనగా అన్నానేమో, మూడు కాగితాల్లో అదే తర్కం కనిపించింది. నాలుగో ప్రశ్న "ఎదిగిన జంతువు కణం నుంచి క్లోనింగ్ ద్వారా పుట్టిన మొదటి క్షీరదం ఏది?" ముగ్గురు డాలీ అని రాసి కొట్టేసి, ఎలుక అనీ కప్ప అనీ దిద్దారు. జవాబు డాలీనే!

మెలికలు రెండు రకాలు. ఒకటి కాపలా మెలిక. ప్రసిద్ధమైన జవాబే సరైనది, కాని దానికి పోటీ వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లను గుమ్మం బయటే ఆపడానికి పెట్టిన మాట అది. రెండోది మళ్లింపు మెలిక. ప్రసిద్ధమైన జవాబును తప్పించి పక్క సందులోకి తీసుకెళ్లడానికి పెట్టిన మాట. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలుసుకోవడానికి ఒక్కటే పరీక్ష ఉంది. మెలికను తీసేసి ప్రశ్నను మళ్లీ అడగండి. మెలిక లేనప్పుడు మీ ప్రసిద్ధమైన పేరు ఇబ్బందిలో పడితే, ఆ మాట దానికి కాపలా ఉన్నట్టు. మెలిక లేనప్పుడే ఆ పేరు నిక్షేపంగా ఉంటే, ఆ మాట మిమ్మల్ని మళ్లించడానికి వచ్చినట్టు.

డాలీతో చూడండి. 'ఎదిగిన జంతువు కణం నుంచి' తీసేయండి, 'క్షీరదం' కూడా తీసేయండి. "క్లోనింగ్‌తో పుట్టిన మొదటి జంతువు?" అంటే డాలీ ఇబ్బందిలో పడింది. కప్పల మీద ఈ పని 1952లోనే మొదలైంది. గొర్రెల్నే 1980ల్లో పిండం కణాలతో పుట్టించారు. డాలీ పుట్టింది 1996 జులై 5న, స్కాట్లండ్‌లోని రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో. 277 అండాలతో ప్రయత్నిస్తే దక్కింది ఒక్క డాలీ. దాని గొప్పతనం క్లోన్ కావడం కాదు, ఎదిగిన గొర్రె పొదుగు కణం నుంచి రావడం. ప్రశ్నలోని ఆ నాలుగు మాటలు డాలీని కాపాడుతున్నాయి.

గుండె మార్పిడి కూడా అంతే. "మనిషి గుండెను మరో మనిషికి అమర్చిన మొదటి డాక్టర్?" క్రిస్టియాన్ బర్నార్డ్, కేప్‌టౌన్, 1967 డిసెంబరు 3. రోగి లూయీ వాష్కాన్‌స్కీ 18 రోజులు బతికాడు. 'మనిషి గుండెను' అన్న మాట తీసేస్తే 1964 నాటి జేమ్స్ హార్డీ అడ్డొస్తాడు. ఆయన మనిషికి చింపాంజీ గుండె పెట్టాడు, అది ఎక్కువసేపు ఆడలేదు. కాబట్టి ఇది కాపలా.

ఇప్పుడు మళ్లింపు. ఎన్నికల్లో నెగ్గిన అధ్యక్షురాలి ప్రశ్నే తీసుకోండి, పోయినసారి ఇది ఐదో ప్రశ్న. 'ఎన్నికల్లో నెగ్గి' తీసేస్తే అధ్యక్ష పదవిలో కూర్చున్న మొదటి మహిళగా అర్జెంటీనా ఇసబెల్ పెరోన్ వస్తుంది. భర్త హువాన్ పెరోన్ అధ్యక్షుడు, ఆమె ఉపాధ్యక్షురాలు. 1974 జులైలో ఆయన పోగానే పదవి ఆమెకు వచ్చింది. ఆ పేరు మెలిక లేకుండానే నిక్షేపంగా నిలబడింది. అంటే మెలిక వచ్చింది ఆమెను తప్పించడానికి. అధ్యక్ష పదవికే పోటీ చేసి నెగ్గిన మొదటి మహిళ ఐస్‌లాండ్‌కు చెందిన విగ్దీస్ ఫిన్‌బోగదోత్తిర్. 1980లో నెగ్గి పదహారేళ్లు ఆ పదవిలో ఉంది. ఇంతకీ మీలో చాలామంది రాసింది సిరిమావో బండారనాయకే. ఆమె 1960లో శ్రీలంకకు, అప్పటి పేరు సిలోన్, ప్రధానమంత్రి అయింది. ప్రధానమంత్రుల్లో ఆమే మొదటి మహిళ. అధ్యక్ష పదవి వేరు, ప్రధాని పదవి వేరు. ఇది మెలిక తప్పు కాదు, కళ్లజోడు తప్పు.

మాగెల్లాన్ ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఒక్క మాట మారిస్తే కాపలా మళ్లింపు అయిపోతుంది. "భూమిని చుట్టి రావడానికి బయల్దేరిన మొదటి నౌకాదళానికి నాయకుడు?" అంటే మాగెల్లాన్. 1519లో స్పెయిన్ నుంచి బయల్దేరాడు. "భూమిని చుట్టి వచ్చిన" అంటే మాగెల్లాన్ కాదు. 1521 ఏప్రిల్ 27న ఫిలిప్పీన్స్‌లోని మక్తాన్ దగ్గర జరిగిన పోరులో ఆయన చనిపోయాడు. మిగిలిన ఒక్క ఓడ 'విక్టోరియా'ను 1522 సెప్టెంబరులో పద్దెనిమిది మందితో ఇంటికి చేర్చినవాడు హువాన్ సెబాస్టియన్ ఎల్కానో. బయల్దేరడానికి, రావడానికి మధ్య మూడేళ్లున్నాయి, ఒక ప్రాణం ఉంది. పుస్తకాలు మాత్రం రెంటినీ కలిపేసి మాగెల్లాన్ పేరు రాసేస్తాయి.

సినిమాల్లో 'ఇప్పటికీ మిగిలి ఉన్న' అన్న మాట కనిపిస్తే వెంటనే వేలు మడవండి. పూర్తి నిడివి యానిమేషన్ సినిమా అనగానే 1937 నాటి స్నోవైట్ అంటారు అందరూ. అర్జెంటీనాలో కిరినో క్రిస్తియానీ 1917లోనే 'ఎల్ అపోస్తోల్' తీశాడు. దాని ప్రతులేవీ మిగల్లేదు. మిగిలి ఉన్నవాటిలో పాతది జర్మనీలో లోట్టె రైనిగర్ నల్లకాగితం బొమ్మల నీడలతో 1926లో తీసిన 'ప్రిన్స్ ఆక్‌మెద్' కథ. స్నోవైట్ మొదటిది కావాలంటే 'సెల్ (పారదర్శకమైన పలుచని రేకు) మీద బొమ్మలు గీసి తీసిన' అనో, 'అమెరికాలో తీసిన' అనో పక్కన కాపలా పెట్టాలి. 'పూర్తిగా కంప్యూటర్‌తో' అంటే 1995, టాయ్ స్టోరీ. ఒకే విషయానికి నాలుగు జవాబులు. నాలుగూ 'మొదటి'వే, నాలుగూ నిజాలే.

ఆస్కార్ పాట కూడా ఇదే బాపతు. 'జయ హో' 2009లో గెలిచింది, హిందీ పాట, కానీ సినిమా బ్రిటన్‌ది. భారతీయ సినిమాలోని పాటకు ఉత్తమ పాట ఆస్కార్ మొదట వచ్చింది 2023లో, 'నాటు నాటు'కి. "ఆస్కార్ గెలిచిన మొదటి భారతీయులు" అంటే పాటల దగ్గర ఆగకూడదు. 1983లో 'గాంధీ' సినిమా దుస్తులకు భాను అథైయా తీసుకుంది.

ఇవన్నీ విడివిడిగా గుర్తుపెట్టుకోవద్దు. మెట్లు కట్టండి. నా నోట్సులో 'మొదటి'కి ఒక్క పేరుండే పేజీ లేదు. పై మెట్టు మీద మెలిక లేని ప్రశ్న రాస్తాను. ఒక్కో మెట్టు దిగుతూ ఒక్కో మెలిక చేర్చి, పక్కన పేరు రాస్తాను. అంతరిక్షంలోకి వెళ్లిన జంతువుల మెట్లు ఇలా ఉంటాయి. అంతరిక్షాన్ని తాకినవి: పళ్ల ఈగలు, 1947. కోతి: ఆల్బర్ట్-2, 1949, పారాషూట్ తెరుచుకోక నేలను ఢీకొని చనిపోయింది. వెళ్లి ప్రాణాలతో దిగిన కుక్కలు: దెజిక్, త్సిగాన్, 1951. భూమి చుట్టూ తిరిగింది: లైకా, 1957, తిరిగి రాలేదు. చుట్టూ తిరిగి ప్రాణాలతో వచ్చిన కుక్కలు: బెల్కా, స్ట్రెల్కా, 1960 ఆగస్టు. చంద్రుణ్ణి చుట్టి వచ్చినవి: రెండు తాబేళ్లు, 1968 సెప్టెంబరు, సోవియట్ జోండ్-5లో. మనుషులు అపోలో-8లో చంద్రుణ్ణి చుట్టింది ఆ డిసెంబరులో, అంటే తాబేళ్లు మనకన్నా మూడు నెలలు ముందు. తాబేలు గెలిచిన పందెం ఇదొక్కటే కాదని మీకు తెలుసు.

మనుషుల మెట్లు మీరే కట్టుకోగలరు: అంతరిక్షంలోకి మొదటి మనిషి గగారిన్ 1961, మొదటి మహిళ తెరెష్కోవా 1963, నౌక బయట మొదటి నడక లియోనోవ్‌ది 1965, ఇవి ఐదో పాఠంలోనే అయిపోయాయి. ఒక్క చేర్పు. గగారిన్ 108 నిమిషాల ప్రయాణం చివర నౌకతో పాటు దిగలేదు. దాదాపు ఏడు కిలోమీటర్ల ఎత్తులో బయటికి ఎగిరి పారాషూట్‌తో దిగాడు. రికార్డుగా నమోదు కావాలంటే చోదకుడు నౌకలోనే దిగాలన్నది అప్పటి నిబంధన. సోవియట్ ప్రభుత్వం ఆ సంగతి చాలా ఏళ్లు దాచింది. 'అంతరిక్షంలోకి వెళ్లి నౌకలోనే దిగిన మొదటి మనిషి' అని ఎవరైనా అడిగితే అలన్ షెపర్డ్, 1961 మే 5, పావుగంట ప్రయాణం. ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. అడగాలని ఎదురుచూస్తున్నాను.

ఆటల మెట్లు నేను కట్టను. నాకు వాటి మీద మనసు లేదు, తప్పులు రాస్తాను. ఆసక్తి ఉన్నవాళ్లు కట్టుకోండి, పద్ధతి అదే.

మెట్లు కట్టేటప్పుడు 'మొదటి'ని, 'ఏకైక'ను ఒకే మెట్టు మీద కూర్చోబెట్టకండి. మేరీ క్యూరీ రెండు నోబెళ్లు అందుకున్న మొదటి వ్యక్తి: 1903 భౌతికశాస్త్రం, 1911 రసాయనశాస్త్రం. ఇది ఎప్పటికీ మారదు. రెండు వేర్వేరు విజ్ఞానశాస్త్రాల్లో అందుకున్న ఏకైక వ్యక్తి కూడా ఆమే. ఇది ఇవాళ్టికి నిజం, వచ్చే అక్టోబరులో అబద్ధం కావచ్చు. 'ఏకైక'కు కాలం చెల్లుతుంది. ఫ్రెడరిక్ సాంగర్ రసాయనశాస్త్రంలో 1958లో, 1980లో అందుకున్నాడు. ఆ శాస్త్రంలో రెండుసార్లు అందుకున్న ఏకైక వ్యక్తి అని నలభై ఏళ్లకు పైగా పుస్తకాలన్నీ రాశాయి. 2001లో ఒకటి తీసుకున్న బారీ షార్ప్‌లెస్ 2022లో రెండోది తీసుకున్నాడు, ఆ వాక్యం చెల్లకుండా పోయింది. మీ ఇంట్లో ఉన్న పుస్తకం 2022కు ముందుదైతే ఇప్పుడే పెన్ను తీసి దిద్దండి. భౌతికశాస్త్రంలో రెండుసార్లు జాన్ బార్డీన్, 1956లో, 1972లో. ఎవరితోనూ పంచుకోకుండా రెండు నోబెళ్లు లైనస్ పాలింగ్‌వి: 1954 రసాయనశాస్త్రం, 1962 శాంతి. ఇక "మూడుసార్లు నోబెల్ అందుకున్నది?" అంటే మనిషి కోసం వెతక్కండి. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ: 1917, 1944, 1963. 'వ్యక్తి' అన్న మాట ప్రశ్నలో లేకపోవడమే అక్కడ మెలిక.

జవాబే కదిలే సందర్భాలూ ఉన్నాయి. తొమ్మిదో ప్రశ్న మీద అందుకే మార్కులు వేయలేదు. మొదటి తెలుగు నవల అంటే కందుకూరి రాజశేఖర చరిత్రం, 1878 అని ఎక్కువమంది రాశారు. నరహరి గోపాలకృష్ణమ శెట్టి శ్రీరంగరాజ చరిత్ర 1872లోనే వచ్చింది. దాన్ని నవల అనాలా వద్దా అన్నది విమర్శకుల వాదన. కందుకూరి కూడా తన పుస్తకాన్ని వచన ప్రబంధమనే అన్నారు. మొదటి కథ దగ్గర కూడా ఇదే రగడ: గురజాడ దిద్దుబాటు 1910, భండారు అచ్చమాంబ ధనత్రయోదశి 1902. ఇంకోటి, భక్త ప్రహ్లాద విడుదల 1931 సెప్టెంబరు 15 అని దశాబ్దాల పాటు చెప్పుకున్నాం. సెన్సారు సర్టిఫికెట్ 1932 జనవరి 22 నాటిదని తేలాక, విడుదల 1932 ఫిబ్రవరి 6 అని దిద్దుకున్నారు. దాంతో ఇంకో మెట్టు బయటపడింది. 1931 అక్టోబరులో వచ్చిన 'కాళిదాస్'లో తమిళంతో పాటు తెలుగు మాటలూ వినిపించాయి. అందుకే ఇప్పుడు జాగ్రత్తగా అడిగేవాళ్లు భక్త ప్రహ్లాద ముందు 'పూర్తి' అన్న మాట పెడుతున్నారు: మొదటి పూర్తి తెలుగు టాకీ. కాపలా మెలిక ఎలా పుడుతుందో కళ్లముందే చూశారు.

పోటీలో ఇలాంటివి వస్తే ఏం చేయాలి? ఆప్షన్లు ఇచ్చి ఉంటే, రెండు పేర్లూ కనిపించినప్పుడు పాత తేదీది ఎంచుకుంటాను. రెండూ పెట్టారంటే కూర్చినవాడికి కొత్త సంగతి తెలుసన్నమాట. ఒక్కటే ఉంటే ప్రసిద్ధమైనదే. వాదనకు దిగడం మీ ఇష్టం. నేనైతే దిగుతాను, మార్కు పోయినా సరే.

'అతి పెద్ద', 'అతి ఎత్తైన' ప్రశ్నల గురించి రెండు ముక్కలు చాలు, ఎందుకంటే అవి 'మొదటి'కి చెల్లెళ్లే. సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టు, 8,848.86 మీటర్లు. అడుగు నుంచి కొన వరకు కొలిస్తే హవాయి దీవిలోని మౌనా కియా, పది కిలోమీటర్లు దాటుతుంది, సగానికి పైగా నీళ్లలో ఉంటుంది. భూకేంద్రం నుంచి కొలిస్తే ఈక్వెడార్‌లోని చింబొరాజో, భూమి నడుం దగ్గర ఉబ్బి ఉంటుంది కాబట్టి. అతి పెద్ద ఎడారి అంటార్కిటికా, 'వేడి' అంటేనే సహారా. సూర్యుడికి దగ్గరున్నది బుధుడు, ఎక్కువ వేడి మాత్రం శుక్రుడిది, దట్టమైన కార్బన్ డయాక్సైడ్ కప్పేసింది కాబట్టి. కొలత ఎక్కడి నుంచి అని అడగడమే ఇక్కడ పని.

అభ్యాసం. పోయినసారి పది ప్రశ్నలిచ్చాను, ఈసారి ఒక్క ప్రశ్నా ఇవ్వను. ప్రశ్నలు మీరే రాయాలి.

మొదటి పని: ముద్రించిన పుస్తకం. మూడు పేర్లిస్తున్నాను: 868 నాటి వజ్రసూత్రం, 1377 నాటి కొరియా 'జిక్‌జీ', 1455 ప్రాంతపు గూటెన్‌బర్గ్ బైబిల్. మూడూ 'మొదటి' అయ్యేలా మూడు ప్రశ్నలు రాయండి. మూడు ప్రశ్నల మధ్య మెలిక తప్ప ఒక్క మాట కూడా మారకూడదు. మొదటిదానికి 'మిగిలి ఉన్న', 'తేదీ ఉన్న' అన్న రెండు మాటలూ కావాలి. ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి.

రెండో పని: గాల్లో ప్రయాణం. రైట్ సోదరుల 1903 డిసెంబరు 17తో మొదలుపెట్టకండి. 1783 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో వేడిగాలి బుడగలో ఒక గొర్రె, ఒక బాతు, ఒక కోడిపుంజు ఎగిరాయి. వాటిని పై మెట్టు మీద పెట్టి కిందికి రండి. ఏడు మెట్లకు తక్కువైతే పంపొద్దు. ప్రతి మెట్టు పక్కన కాపలానో మళ్లింపో రాయాలి. రైట్ సోదరుల మెట్టుకు కనీసం మూడు మెలికలు కావాలి, లెక్కపెట్టి చూస్తాను.

మూడోది, మీ పాత నోట్సులో 'ఏకైక' అన్న మాట ఎన్నిచోట్ల ఉందో వెతికి, ఒక్కోదాని పక్కన ఇవాళ్టి తేదీ వేయండి.

పళ్ల ఈగలు రాసిన ఆవిడ రెండో పని చేయక్కర్లేదు. చేస్తే మాత్రం నా మెట్లు ముందుగా ఇంకోసారి సరిచూసుకుంటాను. క్యాలెండర్లు వచ్చే వారం.